మొలకకు రోజూ నీళ్లు
కతోలిక విశ్వాసంలో ఆనందం, ఎదుగుదల

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వాసం మనిషికి ఆనందాన్ని ఎట్లా ఇస్తుంది, మనిషిని ఎట్లా పెంచుతుంది అన్న విషయం మీద మాట్లాడమని సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచారు. మేము వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల తండాల నుంచి కతోలిక దేవాలయానికి వెళ్లే కుటుంబాలవాళ్లం. ఈ సభలో మా లెక్క తక్కువే. మీలో ఎక్కువ మంది సేవాలాల్ మహరాజ్‌కూ మేరమ్మ యాడికీ భోగ్ పెట్టే ఇళ్ల నుంచి వచ్చారు. మెథడిస్టు సంఘాలకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. మన జిల్లాలో క్రైస్తవం అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ధారూర్‌లో ఏటా జరిగే మెథడిస్టు జాతరే. ఇన్ని దారులవాళ్లం ఒక్క షామియానా కింద కూర్చున్నామంటే అది మన గోర్ సమాజం గొప్పతనం.

అందుకే ముందే ఒక మాట చెప్పుకుంటాం. ఎవరినీ మా దారికి రమ్మని పిలవడానికి మేము ఇక్కడికి రాలేదు. నచ్చిన విశ్వాసాన్ని పాటించే స్వేచ్ఛను రాజ్యాంగం 25వ అధికరణం మనందరికీ ఇచ్చింది. కతోలిక సభ కూడా 1965లో, రెండవ వాటికన్ మహాసభ ముగిసే ముందు, ఇదే మాటను అధికారికంగా ప్రకటించింది. దేవుని విషయంలో ఎవరినీ బలవంతపెట్టకూడదు, ఎవరినీ అడ్డుకోకూడదు అని. బియ్యం బస్తా చూపించి తెచ్చిన విశ్వాసం బస్తా ఖాళీ అయ్యేదాకానే ఉంటుంది. మాకు దొరికిందేమిటో చెబుతాం. పనికొచ్చేది ఉంటే తీసుకోండి. లేకపోతే మా తమ్ముళ్లు ఇట్లా బతుకుతున్నారట అని తెలుసుకోండి. అదీ చాలు.

ఇప్పుడు ఈ మాటలు ఎందుకు?

మన తండాల్లో పాటకు, ఆటకు ఎప్పుడూ కొదవ లేదు. హోలీ వస్తే రాత్రంతా లేంగీ పాటలు. పెళ్లంటే డీజే. కానీ డీజే ఆగిన తర్వాత ఆ పిల్లగాడు ఏం ఆలోచిస్తూ పడుకుంటున్నాడో మనం అడగడం లేదు. తాండూరు నాపరాయి గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో దుమ్ములో పనిచేసి వచ్చేవాడు, హైదరాబాద్‌లో అద్దె గదిలో నలుగురితో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదివేవాడు, డిగ్రీ మధ్యలో ఆపేసి పెళ్లి సంబంధం కోసం ఎదురుచూసే ఆడపిల్ల, ఫోన్‌లో అప్పు తీసుకుని తీర్చలేక ఇంట్లో చెప్పలేకపోయేవాడు, వీళ్లంతా మనవాళ్లే. కొందరు సారాలో మునుగుతున్నారు. కొందరు ఎవరికీ చెప్పుకోలేక ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు. అట్లాంటి ఇంటి ముందు కూర్చుని వచ్చిన అనుభవం ఈ సభలో చాలామందికి ఉంది.

అందుకని ఆనందం గురించి మాట్లాడటం తీరికగా చేసే పని కాదు. మనవాళ్లు బతికి ఉండటానికి సంబంధించిన పని.

సంతోషం వేరు, ఆనందం వేరు

ఈ తేడాను మాకు బాగా నేర్పిన మనిషి ఒకాయన ఉన్నారు. పునీత లొయోలా ఇగ్నేషియస్. స్పెయిన్ దేశంలో ఒక సైనికుడు. 1521 మే నెలలో పాంప్లోనా కోట దగ్గర యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. పొద్దుపోక పుస్తకాలు అడిగితే, ఆయనకు ఇష్టమైన వీరుల కథలు ఆ ఇంట్లో దొరకలేదు. క్రీస్తు జీవితం, పునీతుల జీవితాలు ఉన్న పుస్తకాలు దొరికాయి.

మంచం మీద పడుకుని ఆయన రెండు రకాల కలలు కనేవాడు. ఒకటి, రాచకుటుంబపు స్త్రీని మెప్పించి, యుద్ధాల్లో పేరు తెచ్చుకోవాలని. రెండోది, ఆ పునీతుల్లాగా పేదగా బతికి దేవుణ్ని సేవించాలని. రెండు కలలూ కనేటప్పుడు తీయగానే ఉండేవి. కానీ ఒక రోజు ఆయన ఒక విషయం గమనించాడు. మొదటి కల అయిపోగానే మనసు ఎండిపోయినట్టు, వెలితిగా ఉండేది. రెండో కల అయిపోయాక కూడా మనసు నిండుగా, చల్లగా ఉండేది. ఆ ఒక్క గమనింపు ఆయన జీవితాన్ని మార్చేసింది. తర్వాత ఆయన స్థాపించిన యేసు సభవాళ్లే ఈనాడు ప్రపంచమంతా బడులు, కాలేజీలు నడుపుతున్న జెస్విట్లు.

తమ్ముళ్లూ, ఇది ఐదు వందల ఏళ్ల నాటి సంగతి. కానీ మీరు ఈ రాత్రే చేసి చూడొచ్చు. గంటసేపు రీల్స్ చూసి ఫోన్ పక్కన పెట్టిన తర్వాత మీ మనసు ఎట్లా ఉందో చూసుకోండి. ముసలి బాపును ఆస్పత్రికి తీసుకుపోయి వచ్చిన రోజు రాత్రి ఎట్లా ఉందో చూసుకోండి. రెండో రోజు ఒళ్లంతా అలసట ఉంటుంది. అయినా లోపల ఏదో నిలబడి ఉంటుంది. అయిపోగానే వెలితి మిగిల్చేది సంతోషం. అయిపోయాక కూడా నిలిచేది ఆనందం. సంతోషం చెడ్డదని మేము అనడం లేదు. పండుగ కావాలి, పాట కావాలి, క్రికెట్ కావాలి. వాటి మీద ఇల్లు కట్టుకోవద్దు అంటున్నాం, అంతే.

అపొస్తలుడు పౌలు ఫిలిప్పీయులకు రాసిన లేఖ నాలుగు అధ్యాయాల చిన్న లేఖ. చెరసాలలో ఉండి రాశాడు. బతుకుతానో చస్తానో తెలియని స్థితి. ఆ లేఖలో ఆనందించండి అన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంది. సంకెళ్లలో ఉన్న మనిషి బయట ఉన్నవాళ్లకు ధైర్యం చెబుతున్నాడు. ఆ ఆనందం పరిస్థితుల నుంచి రాలేదన్నది స్పష్టం. తనను ప్రేమించే దేవుడు తనతో ఉన్నాడన్న నమ్మకం నుంచి వచ్చింది. 2019లో పోప్ ఫ్రాన్సిస్ ప్రత్యేకంగా యువత కోసం ఒక లేఖ రాశారు. అందులో ఆయన చుట్టూ తిరిగి చెప్పింది మూడు సంగతులే: దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు, క్రీస్తు నిన్ను రక్షించాడు, ఆయన సజీవుడు. కతోలిక ఆనందానికి పునాది ఈ మూడే. ఉద్యోగం, పొలం, పేరు ఆ తర్వాతే.

తీజ్ బుట్ట, తాండూరు కంది

ఇక ఎదుగుదల గురించి. దీన్ని అర్థం చేసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. మన ఆడపిల్లలు శ్రావణంలో చేసే తీజ్ చాలు.

పుట్టమన్ను తెచ్చి, ఎరువు కలిపి, వెదురు బుట్టల్లో గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పూటపూటకూ నీళ్లు పోస్తారు, పాట పాడుతూ. చాలా తండాల్లో పిల్లలు ఆ తొమ్మిది రోజులూ ఉప్పు, కారం లేని తిండి తింటారు. మొదటి రెండు రోజులు బుట్టలో ఏమీ కనిపించదు. అయినా నీళ్లు పోయడం ఎవరూ ఆపరు. ఆత్రంగా మన్ను తవ్వి చూసేవాళ్లూ ఉండరు. ఆ తర్వాత ఒక పొద్దున మొలక తల ఎత్తుతుంది.

మార్కు సువిశేషంలో యేసు ప్రభువు చెప్పిన ఒక చిన్న పోలిక ఉంది. రైతు విత్తనం చల్లుతాడు. పడుకుంటాడు, లేస్తాడు. ఎట్లా మొలిచిందో అతనికే తెలియకుండా అది మొలుస్తుంది. ముందు మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాత నిండు గింజ. దేవుని రాజ్యం అట్లా వస్తుందన్నాడు ప్రభువు. తీజ్ చేసిన ఏ ఆడపిల్లకైనా ఈ పోలికను విడమరిచి చెప్పాల్సిన పని లేదు. నీళ్లు పోయడం మన వంతు. మొలిపించడం దేవుని వంతు. మన వంతు మానేసి ఏమీ మొలవలేదంటే కుదరదు. ఆయన వంతు కూడా మనమే చేయబోతే మన్ను తవ్వి విత్తనాన్ని పాడుచేసినట్టే.

ఇంకో పోలిక మన చేలల్లోనే ఉంది. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన నల్లరేగడిలో వానాధారంతో పండే పంట అది. జూన్, జూలైలో విత్తితే చలికాలం వచ్చేదాకా కోతకు రాదు. కంది తొందరపడే పంట కాదు. పైకి పెరగడంతో పాటు వేరును లోతుకు దింపుతుంది. పైన వాన ఆగిపోయినా లోపలి తేమతో నిలబడుతుంది. ప్రార్థన చేసే మనిషి కూడా ఇంతే. వాన కురిసే రోజుల్లో అందరి చేనూ పచ్చగానే ఉంటుంది. వాన ముఖం చాటేసినప్పుడు తెలుస్తుంది ఎవరి వేరు ఎంత లోతుకు దిగిందో.

పునీతుల జీవితాలు చూసినా ఇదే కనిపిస్తుంది. ఉత్తర అమెరికా ఆదివాసీ అమ్మాయి కటేరి టెకక్విథ 1656లో మోహాక్ తెగలో పుట్టింది. మశూచి వచ్చి అమ్మానాన్నలు పోయారు. ఆమె ముఖమంతా మచ్చలు, చూపు సరిగా ఆనేది కాదు. ఇరవై నాలుగేళ్లకే చనిపోయింది. రాజ్యాలు ఏలలేదు, పుస్తకాలు రాయలేదు. రోజూ ప్రార్థన, ముసలివాళ్లకు, రోగులకు సేవ, అంతే. 2012లో సభ ఆమెను పునీతగా ప్రకటించింది. బయటి కళ్లకు ఏమీ కనిపించని జీవితంలో ఎంత పంట పండిందో చూడండి.

కన్నీళ్లకూ చోటుంది

ఆనందం అంటే ఎప్పుడూ నవ్వుతూ ఉండటం అనుకుంటే, ఏడ్చే మనిషి తనకు విశ్వాసం లేదనుకుంటాడు. అది తప్పు.

మన పెళ్లిళ్లలో పిల్లను సాగనంపేటప్పుడు ఢావలో పాడతారు. పెళ్లికూతురు తల్లిని, తండ్రిని, అన్నదమ్ములను, తండాను తలుచుకుని గొంతెత్తి ఏడుస్తూ పాడుతుంది. విన్నవాళ్లు కళ్లు తుడుచుకోకుండా ఉండలేరు. అది పెళ్లిని చెడగొట్టదు. మన పెద్దలు ఏడుపుకు ఒక పాట ఇచ్చారు, ఒక చోటు ఇచ్చారు. పరిశుద్ధ గ్రంథంలోని కీర్తనలు కూడా ఇట్లాంటివే. మొత్తం 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొరలే. నన్నెందుకు మరిచిపోయావు, ఎంతకాలం ఇట్లా అని దేవుణ్నే నిలదీసేవి. యేసు ప్రభువు స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. మరియమాత సిలువ కింద నిలబడింది. జపమాలలో మేము ధ్యానించే రహస్యాల్లో సంతోష రహస్యాలు ఉన్నట్టే దుఃఖ రహస్యాలూ ఉన్నాయి. వారంలో మంగళవారం, శుక్రవారం వాటికే. దుఃఖాన్ని తప్పించుకుని పోయే దారి ఆ పూసల్లో లేదు. దుఃఖంలో నుంచి నడిచి మహిమకు చేరే దారి ఉంది.

కాబట్టి యేసును నమ్ముకుంటే అప్పులు తీరతాయి, పరీక్ష పాసవుతావు, రోగం రాదు అని ఎవరైనా చెబితే జాగ్రత్తగా వినండి. సిలువ మీద చనిపోయిన ప్రభువు అట్లాంటి మాట ఎక్కడా ఇవ్వలేదు. ప్రార్థన చేసిన తల్లి బిడ్డ కూడా చనిపోవచ్చు. బాగా చదివిన పిల్లగాడికి కూడా ఉద్యోగం రాకపోవచ్చు. ఆ రోజున కూడా నువ్వు ఒంటరివి కావు అన్నదే మా విశ్వాసం చెప్పే మాట.

ఇంకొకటి. మనసు కుంగిపోవడం పాపం కాదు, దయ్యం పట్టడం కాదు. అది జ్వరం లాంటిదే. నిద్ర పట్టక, తిండి సయించక, చచ్చిపోవాలనిపిస్తే ప్రార్థన చేయండి, డాక్టర్ దగ్గరికీ వెళ్లండి. ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా చేయొచ్చు, డబ్బులు కట్టనక్కర్లేదు. ఈ నంబరును ఇప్పుడే మీ ఫోన్‌లో పెట్టుకోండి. మీకు అక్కర రాకపోయినా పక్కవాడికి రావచ్చు.

మేము గోర్‌లమే

కతోలికులైతే ఇక గోర్‌లు ఎట్లా అవుతారు అని మమ్మల్ని అడిగేవాళ్లున్నారు. కొందరు ప్రేమతో అడుగుతారు, కొందరు కోపంతో. రెండింటికీ ఒకటే జవాబు.

మా బోలి గోర్ బోలి. మా గోత్రాలు మారలేదు. మా యాడీల పేటియా, కాంచళి మారలేదు. తండా చావుకు ముందు మేము ఉంటాం, తండా పెళ్లికి వంట దగ్గర మేము ఉంటాం. దేవుడు మనిషిని అతని తల్లి భాషలోనే పిలుస్తాడని సభ నమ్ముతుంది. ఒకప్పుడు పూజ లాటిన్ భాషలో జరిగేది. 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ తర్వాత ప్రజల భాషల్లోకి వచ్చింది. ఆ మహాసభే ఇతర మతాల్లో సత్యమైనది, పవిత్రమైనది ఏదున్నా సభ దాన్ని తోసిపుచ్చదని కూడా ప్రకటించింది. ఆ మాట మాకు చాలా ముఖ్యం. జూదం ఆడొద్దు, మత్తు తాగొద్దు, జీవాలను హింసించొద్దు అన్న సేవాలాల్ మహరాజ్ బోధ వినడానికి మాకు ఏ అడ్డూ లేదు. ఫిబ్రవరి 15న జయంతి రోజు మా అన్నదమ్ముల ఇళ్లకు మేము గౌరవంతో వెళతాం. పూజ విషయంలో మా హద్దు మాకుంది, దాన్ని మెల్లగా చెబుతాం. వాళ్లూ అర్థం చేసుకుంటారు. క్రిస్మస్‌కు వాళ్లు మా ఇళ్లకు వస్తారు.

రిజర్వేషన్ గురించి భయపెట్టే మాటలు వింటుంటాం. ఉన్న సంగతి తెలుసుకోండి. షెడ్యూల్డ్ కులాల 1950 ఉత్తర్వులో మతం నిబంధన ఉంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అట్లాంటి నిబంధన లేదు. తెలంగాణలో లంబాడీలకు 1976 చట్ట సవరణతో వచ్చిన గుర్తింపు తెగను బట్టి వచ్చింది, గుడిని బట్టి కాదు. మతం మారిన తెగలవాళ్లను జాబితా నుంచి తీసేయాలని దేశంలో కొందరు డిమాండ్ చేస్తున్న మాట నిజమే. అందుకే చదువుకున్న పిల్లలు ఈ విషయాన్ని వాట్సాప్‌లో కాకుండా చట్టంలో చదవాలి.

తెగ మనిషిగా ఉంటూనే కతోలికుడిగా ఎంత ఎత్తుకు ఎదగవచ్చో చూపిన మనిషి కార్డినల్ టెలెస్ఫోర్ టొప్పో. జార్ఖండ్‌లో ఉరావ్ తెగలో 1939లో పుట్టారు. రాంచీ అగ్రపీఠాధిపతి అయ్యారు. 2003లో కార్డినల్ అయ్యారు, ఆసియా ఆదివాసుల్లో మొదటివారు. అక్కడి దేవాలయాల్లో మాందర్ డోలు మోగుతుంది, ఆదివాసీ నాట్యంతో కానుకలు పీఠం దగ్గరికి తెస్తారు. మన దగ్గర చూస్తే, హైదరాబాద్ పీఠం 1886లో ఏర్పడి 1953లో అగ్రపీఠమైంది. దాని అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటి కార్డినల్ ఆయనే. వెనకబడిన ఇంట్లో పుట్టడం దేవుని లెక్కలో వెనకబడటం కాదు.

ఇక్కడ మా యువతకు ఒక పని ఉంది. గోర్ బోలికి సొంత లిపి లేదు. పరలోక జపం, మంగళవార్త జపం తెలుగులో నోటికి వస్తాయి. కానీ మన ముసలి యాడీలకు మనసు కరిగేది గోర్ బోలిలోనే. తెలుగు లిపిలోనే ఆ ప్రార్థనలు మన బోలిలో రాద్దాం, గురువులకు చూపించి సరిచేయించుకుందాం. మీలో కతోలికులు కానివాళ్లు కూడా మీ అరదాసులు, మీ అవ్వల పాటలు రాసి పెట్టుకోండి. పాట తెలిసిన అవ్వ పోతే ఆ పాటా పోతుంది.

పక్కవాణ్ని లేపే ఆనందం

విశ్వాసం ఇచ్చే ఆనందం నిజమైనదా కాదా అని తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. అది పక్కవాడి ఇంటిదాకా వెళుతుందా, లేదా?

1885లో కాన్‌స్టంట్ లీవెన్స్ అనే బెల్జియం గురువు ఛోటానాగ్‌పూర్ వెళ్లారు. అక్కడి ముండా, ఉరావ్ ప్రజల భూములు జమీందార్ల చేతుల్లోకి పోతున్నాయి. ఆయన చట్టం నేర్చుకుని కోర్టు కేసుల్లో వాళ్లకు అండగా నిలబడ్డారు. ఆ తర్వాత వచ్చిన జాన్ హాఫ్‌మన్ అనే గురువు ముండారి భాషకు వ్యాకరణం రాశారు, మహా నిఘంటువు మొదలుపెట్టారు. 1908లో వచ్చిన ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం తయారీలో ఆయన చేయి ఉంది. 1909లో వడ్డీ వ్యాపారుల నుంచి ఆదివాసులను కాపాడటానికి సహకార పరపతి సంఘం పెట్టారు. ప్రార్థన, వ్యాకరణం, పట్టా, పొదుపు, ఇవన్నీ ఆయనకు ఒకే పని. అప్పు యాప్‌ల కాలంలో తండాకు పది మంది యువకులు కలిసి నెలకు కొంత పొదుపు చేసుకుంటే అది కూడా ఆధ్యాత్మిక ఎదుగుదలే.

ఇంకో సాక్ష్యం సిస్టర్ రాణీ మరియా. కేరళ నుంచి మధ్యప్రదేశ్ వెళ్లి ఆదివాసుల మధ్య పనిచేసిన మఠకన్య. వడ్డీ వ్యాపారుల దగ్గర చిక్కుకోవద్దని, సంఘంగా నిలబడమని వాళ్లకు నేర్పింది. గిట్టనివాళ్లు మనిషిని పంపారు. 1995 ఫిబ్రవరి 25న బస్సు ప్రయాణంలో ఆమెను పొడిచి చంపారు. చంపిన సమందర్ సింగ్ జైల్లో ఉండగా రాణీ మరియా సొంత చెల్లెలు, ఆమె కూడా మఠకన్యే, జైలుకు వెళ్లి అతనికి రాఖీ కట్టింది. కుటుంబమంతా క్షమించింది. అతను మారిన మనిషయ్యాడు. 2017 నవంబరు 4న ఇండోర్‌లో రాణీ మరియాను ధన్యురాలిగా ప్రకటించారు. అక్కను చంపినవాడి చేతికి రాఖీ కట్టిన తర్వాత ఆ చెల్లెలి గుండెలో ఉన్నది సంతోషమా? కాదు. అది ఇంకా లోతైనది. దాన్నే మేము ఆనందం అంటున్నాం.

మన ఇళ్లలో చూసుకుందాం. గట్టు దగ్గర రెండడుగుల నేల కోసం మాటలు మానేసిన అన్నదమ్ములు ప్రతి తండాలో ఉన్నారు. ఎవరో ఒకరు ముందు రామ్ రామ్ అనాలి. ఆ ఒకరు మనమే కావాలి.

రోజూ చేయగలిగినవి

మాటలు చాలు, పనులు చెప్పండి అంటారు మన తమ్ముళ్లు. ఐదు చెబుతాం. కతోలిక పిల్లలు అన్నీ చేయండి. మిగతావాళ్లు మీకు కుదిరినవి చేయండి.

మొదటిది, లేవగానే ఫోన్ కన్నా ముందు దేవుడు. ఐదు నిమిషాలు చాలు. సువిశేషంలో నాలుగు వాక్యాలు చదివి, ఆ రోజు కలవబోయే మనుషుల కోసం ఒక మాట ప్రార్థించండి.

రెండోది, రాత్రి ఆత్మశోధన. ఇది ఇగ్నేషియస్ గారు నేర్పిందే. ఐదు మెట్లు. ఈ రోజు దొరికిన మేలుకు దేవునికి కృతజ్ఞత చెప్పండి. వెలుగు ఇమ్మని అడగండి. పొద్దుటి నుంచి జరిగింది మెల్లగా గుర్తు చేసుకోండి, ఎక్కడ మనసు నిండింది, ఎక్కడ ఎండింది అని. తప్పుకు క్షమాపణ అడగండి. రేపటికి ఒక్క చిన్న నిర్ణయం తీసుకోండి. పది నిమిషాలకు మించదు. నెల రోజులు చేయండి, మీ మనసు మీకే పరిచయమవుతుంది.

మూడోది, ఆదివారం దివ్యబలిపూజ. గనిలో షిఫ్టు, పొలంలో పని, బస్సు దొరకకపోవడం, ఇవన్నీ మాకు తెలుసు. అయినా వీలు చేసుకోండి. పూజకు పాశ్చాత్య భాషల్లో ఉన్న యూకరిస్ట్ అన్న పేరుకు గ్రీకులో అర్థం కృతజ్ఞత. వారానికి ఒక గంట కృతజ్ఞత చెప్పే మనిషి మిగిలిన వారమంతా గొణుగుతూ బతకలేడు. అక్కడ యజమాని, కూలీ ఒకే వరుసలో నిలబడి ఒకే అప్పాన్ని అందుకుంటారు. అది చూడటమే ఒక పాఠం.

నాలుగోది, పాపసంకీర్తనం. మనసులో బరువు ఎవరికీ చెప్పుకోలేక చితికిపోయే యువతకు ఇది పెద్ద వరం. అక్కడ విన్నది గురువు ఎవరికీ, ఎప్పటికీ చెప్పకూడదు, తన ప్రాణం పోయినా సరే. అది సభ చట్టం. దించుకోలేని బరువు అంటూ ఏదీ లేదని మోకాళ్ల మీద నుంచి లేచినవాళ్లకు తెలుస్తుంది.

ఐదోది, వారానికి ఒక్క మనిషి. ఒక ముసలమ్మ పింఛను పని, ఒక పిల్లకు లెక్కలు చెప్పడం, తాగి పడిపోయిన అన్నను ఇంటికి చేర్చడం. ఫోటో తీయకుండా చేయండి. ఫోన్ కూడా మంచికే వాడొచ్చు. ఇటలీలో కార్లో అకుటిస్ అనే పిల్లవాడు 15 ఏళ్లకే రక్తక్యాన్సర్‌తో చనిపోయాడు. కంప్యూటర్ అంటే ప్రాణం. దివ్యసత్ప్రసాద అద్భుతాల మీద వెబ్‌సైట్ తయారుచేశాడు. 2025 సెప్టెంబరు 7న పునీతుడయ్యాడు. మీ చేతిలో ఉన్న వస్తువే అతని చేతిలోనూ ఉంది. దాన్ని అతను దేనికి వాడాడు, మనం దేనికి వాడుతున్నాం?

చివరగా

పోప్ ఫ్రాన్సిస్ 2013లో సువిశేష ఆనందం అన్న పేరుతో రాసిన లేఖలో, పాస్కా పండుగ లేని తపస్సుకాలంలా బతికే క్రైస్తవులను చూసి బాధపడ్డారు. మా దేవాలయాల్లోనూ అట్లాంటి ముఖాలు ఉన్నాయి. అయితే ఆయన ఇంకో మాట కూడా ఒప్పుకున్నారు. పెద్ద కష్టాల్లో ఉన్నవాళ్లకు ఆనందం ఒక్కసారిగా రాదు, మెల్లగా, కొంచెం కొంచెంగా మేలుకుంటుంది అని. కాబట్టి ఈ రాత్రికి రాత్రే మారిపోవాలని ఎవరూ తొందరపడొద్దు.

మూసీ నది మన అనంతగిరి కొండల్లోనే పుడుతుంది. పుట్టిన చోట దాటేసి పోయేంత చిన్న ధార. దాన్ని చూసి ఇది హైదరాబాద్ దాకా పోతుందా అని ఎవరైనా నవ్వొచ్చు. కానీ ఆగకుండా పారింది కాబట్టి నది అయింది. మీరు రోజూ చేసే ఐదు నిమిషాల ప్రార్థన, వారానికి ఒక మనిషికి చేసే సాయం అంత చిన్నవే. ఆపకండి.

ఎవరికైనా మనసు బరువుగా ఉంటే, ఏ గుడికి వెళ్లేవారైనా సరే, సభ అయిపోయాక మాతో కాసేపు కూర్చోండి. మేము ఉపదేశం చెయ్యం. వింటాం. చాయ్ మాదే.

మన తండాలను, మన పిల్లలను, గనుల్లో, చేలల్లో, దూర పట్నాల్లో కష్టపడుతున్న మనవాళ్లందరినీ దేవుడు చల్లగా చూడాలి. 

రామ్ రామ్. దేవునికి స్తోత్రం.